విండ్‌సర్ఫింగ్‌: దూసుకెళ్లడం సరే.. ఒడ్డుకు తిరిగి రాగలరా? ప్లేనింగ్, ఎదురుగాలి ప్రయాణంలో పట్టు సాధించాలంటే ఇవి తెలియాల్సిందే!

విండ్‌సర్ఫింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఒక దశలో ఒకే అనుభవం ఎదురవుతుంది. బోర్డు మీద నిలబడటం వచ్చేస్తుంది. సెయిల్ పైకి లేపడం, అటూ ఇటూ తిప్పడం కూడా అలవాటైపోతుంది. ఓ సాయంత్రం మంచి గాలి దొరుకుతుంది. హుషారుగా నీళ్లలోకి వెళ్తారు. పావుగంట గడిచాక వెనక్కి తిరిగి చూస్తే.. బయల్దేరిన చోటు ఎక్కడో దూరంగా చుక్కలా కనిపిస్తుంది. గాలి ఎటు తోస్తే బోర్డు అటే వెళ్లిపోయింది. ఇక చేసేదేం లేక ఎక్కడో ఒడ్డుకు చేరి, బోర్డు, సెయిల్ మోసుకుంటూ ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిందే. ఒడ్డుకు చేరితే అదృష్టమే. చేరకపోతేనే అసలు సమస్య.

అందుకే ఈ ఆటలో బేసిక్స్ దాటిన వాళ్లు ముందుగా పట్టు సాధించాల్సినవి రెండే రెండు. ఒకటి ప్లేనింగ్.. అంటే బోర్డు నీటిని చీల్చుకుంటూ కాకుండా నీటి పైన జారుతూ దూసుకెళ్లడం. రెండోది అప్‌విండ్.. అంటే గాలి వచ్చే వైపుకే ప్రయాణించడం. మొదటిది మజా ఇస్తుంది. రెండోది ఇంటికి చేరుస్తుంది. చాలామంది మొదటిదాని మోజులో రెండోదాన్ని పట్టించుకోరు. ఇంతకీ ఈ రెండూ ఎలా పనిచేస్తాయి? ఎక్కడ తప్పు జరుగుతుంది? ఎలా సరిదిద్దుకోవాలి? పూర్తి వివరాల్లోకి వెళ్దాం..

ఎక్కడ పుట్టింది? మన దగ్గర సంగతేంటి?

సర్ఫింగ్ బోర్డుకు తెరచాప బిగిస్తే అదే విండ్‌సర్ఫింగ్. 1960ల చివర్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయల్ ష్వైట్జర్ అనే ఇద్దరు దీనికి ఇప్పుడున్న రూపం ఇచ్చారు. జిమ్ డ్రేక్ విమానాల ఇంజనీర్. మాస్ట్‌ను (తెరచాప కర్రను) బోర్డుకు గట్టిగా బిగించేయకుండా, ఎటు కావాలంటే అటు వంగేలా ఒక కీలు పెట్టడమే ఇందులో అసలు కిటుకు. పడవకు ఉన్నట్టు దీనికి చుక్కాని ఉండదు. సెయిల్‌ను ముందుకు వంచితే బోర్డు గాలికి దూరంగా తిరుగుతుంది. వెనక్కి వంచితే గాలి వైపు తిరుగుతుంది. అంతే.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌తో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది. 1992 బార్సిలోనా నుంచి మహిళలకు విడిగా పోటీ పెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఐక్యూ ఫాయిల్ అనే కొత్త తరహా బోర్డులు వాడారు. అందులో బోర్డు కింద విమానం రెక్కల్లాంటి ఫాయిల్ ఉంటుంది. వేగం అందుకోగానే బోర్డు మొత్తం నీటి పైకి లేస్తుంది. మన దేశానికీ ఈ ఆటలో పతకం ఉంది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆర్‌ఎస్ఎక్స్ విభాగంలో ఇబాద్ అలీ కాంస్యం గెలిచాడు.

తెలుగువాళ్లకూ ఇది మరీ దూరపు ఆట ఏమీ కాదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏటా సెయిలింగ్ పోటీలు జరుగుతుంటాయి. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడే పిల్లలకు సెయిలింగ్ నేర్పిస్తోంది. విశాఖ రుషికొండ బీచ్ వాటర్ స్పోర్ట్స్‌కు పేరు. ఇక అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా ఇటు తెలుగు టెకీలకూ, అటు ఎండాకాలపు బలమైన గాలులకూ అడ్డానే. వీకెండ్‌లో క్లాసులకు వెళ్లి బేసిక్స్ నేర్చుకున్నవాళ్లు ఆగిపోయేది సరిగ్గా ఈ రెండు మెట్ల దగ్గరే.

ముందు గాలి లెక్క తెలియాలి

గాలి వేగాన్ని నాట్స్‌లో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. నేర్చుకునే మొదటి రోజుల్లో 5 నుంచి 10 నాట్ల గాలి సరిపోతుంది. ప్లేనింగ్‌కు మాత్రం అది చాలదు. మామూలు బరువున్న మనిషి, ఆరున్నర నుంచి ఏడున్నర చదరపు మీటర్ల సెయిల్‌తో ప్లేనింగ్ మొదలుపెట్టాలంటే దాదాపు 12 నుంచి 15 నాట్ల గాలి కావాలి. అంటే గంటకు 22 నుంచి 28 కిలోమీటర్లు. నీటి మీద అక్కడక్కడా తెల్లటి నురగ కనిపించడం మొదలైందంటే టైమ్ దగ్గరపడిందని అర్థం. నురగ అంతటా కనిపిస్తుంటే ప్లేనింగ్‌కు సరిపడా గాలి ఉన్నట్టే.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. గాలి వేగం కొంచెం పెరిగినా దాని తోపు మాత్రం బాగా పెరుగుతుంది. గాలి గంటకు 20 కిలోమీటర్ల నుంచి 28 కిలోమీటర్లకు పెరిగితే.. పెరిగింది 8 కిలోమీటర్లే అనిపిస్తుంది. కానీ సెయిల్ మీద పడే బలం దాదాపు రెట్టింపు అవుతుంది. ఎందుకంటే ఆ బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 'ఇందాక బాగానే ఉంది, ఇప్పుడేంటి చేతులు ఊడిపోతున్నాయి' అని కొత్తవాళ్లు బెంబేలెత్తేది అందుకే.

వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికల్లో గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని వింటుంటాం. అలాంటి రోజు బోర్డు బయటకు తీయకూడదు. మత్స్యకారులే వేటకు వెళ్లని రోజున సరదాకు నీళ్లలోకి దిగడం తెలివైన పని కాదు.

ప్లేనింగ్ అంటే అసలు ఏం జరుగుతుంది?

చిన్నప్పుడు చెరువు గట్టున నిలబడి పలుచటి చిల్లపెంకు విసిరిన అనుభవం చాలామందికి ఉంటుంది. వేగంగా, వాటంగా విసిరితే పెంకు మునగకుండా నీటి మీద టప్ టప్ మంటూ ఎగిరెగిరి పోతుంది. నెమ్మదిగా వేస్తే అక్కడే బుడుంగుమంటుంది. ప్లేనింగ్ సూత్రం కూడా ఇదే.

తక్కువ వేగంలో బోర్డు తన బరువుకు తగ్గ నీటిని పక్కకు తోసుకుంటూ తేలుతుంది. ముందుకు కదిలే కొద్దీ ముక్కు ముందు ఒక చిన్న అల లేస్తుంది. వేగం పెరిగితే ఆ అల కూడా పెరుగుతుంది. బోర్డు ఆ అలను ఎక్కలేక దాని వెనకే ఈడ్చుకుంటూ వెళ్తుంది. ఇక్కడ ఒక్కసారి గట్టి తోపు దొరికితే.. బోర్డు ఆ అల మీదకెక్కి, ముందుకు జారి, నీటి ఉపరితలం మీద పరుగు మొదలుపెడుతుంది. ఒక్కసారి ఎక్కేస్తే ఆ తర్వాత అంత బలం అక్కర్లేదు. స్కూటర్‌ను మెట్టు ఎక్కించడానికి ఒక్క తోపు కావాలి, ఎక్కాక అదే వెళ్తుంది కదా.. అలాగన్నమాట.

అంటే ప్లేనింగ్‌కు కావాల్సింది రోజంతా బలం కాదు. సరైన క్షణంలో, సరైన దిక్కులో ఒక్క తోపు. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ప్లేనింగ్‌కు ఆరు మెట్లు

1. గస్ట్ కోసం కాచుకోవాలి: గాలి ఎప్పుడూ ఒకేలా వీయదు. మధ్యమధ్యలో గట్టిగా వీచే తెరలు వస్తుంటాయి. వీటినే గస్ట్ అంటారు. గాలి వచ్చే వైపు నీటిని చూస్తే, నల్లగా ముడతలు పడినట్టు ఒక మచ్చ మీ వైపు కదిలి వస్తుంటుంది. అదే గస్ట్. అది తగిలాక కాదు, తగలబోయే ముందే సిద్ధం కావాలి.

2. బోర్డును కాస్త గాలికి దూరంగా తిప్పాలి: గాలికి అడ్డంగా, అంటే 90 డిగ్రీల్లో వెళ్తుంటే.. సెయిల్‌ను ముందుకు వంచి ఇంకో 10 నుంచి 20 డిగ్రీలు కిందికి తిప్పాలి. ఈ కోణంలో సెయిల్ బలం పక్కకు కాకుండా ఎక్కువగా ముందుకు పనిచేస్తుంది. గాలికి ఎదురుగా వెళ్తూ ప్లేనింగ్ మొదలుపెట్టాలని చూడటమే చాలామంది చేసే తప్పు.

3. బరువును బూమ్‌కు అప్పగించాలి: చేతులతో పట్టుకునే అడ్డకడ్డీనే బూమ్ అంటారు. నడుముకు కట్టుకున్న హార్నెస్ కొక్కేన్ని బూమ్‌కు వేలాడే తాడుకు తగిలించి, చెట్టుకొమ్మకు వేలాడినట్టు దాని మీద బరువు వేయాలి. ఆ బరువు బూమ్ నుంచి మాస్ట్‌కు, మాస్ట్ నుంచి దాని అడుగు భాగం ద్వారా బోర్డు ముందు వైపుకు చేరుతుంది. దీంతో ముక్కు పైకి లేవకుండా బోర్డు చదునుగా ఉంటుంది. మనిషి నిలబడేది వెనకే అయినా బరువు పడేది ముందు. ఇదే ఇందులో అసలు మ్యాజిక్.

4. ముందు కాలు మొదట: బోర్డు చలాకీగా కదలడం మొదలవగానే ముందు కాలిని ఫుట్‌స్ట్రాప్‌లో (పాదం దూర్చే పట్టీలో) పెట్టాలి. అప్పటిదాకా వెనక కాలు బోర్డు మధ్యగీత మీదే ఉండాలి. మడమల మీద తొక్కితే బోర్డు ఒక అంచుకు ఒరిగి గాలి వైపు తిరిగిపోతుంది. ఇక్కడ పాదాలు పిల్లిలా తేలిగ్గా ఉండాలి.

5. పంపింగ్: గాలి సరిపోకపోతే, గస్ట్ వచ్చిన క్షణంలో సెయిల్‌ను విసనకర్రలా మూడు నాలుగుసార్లు బలంగా దగ్గరికి లాగాలి. అల ఎక్కడానికి కావాల్సిన ఆ ఒక్క తోపు ఇదే ఇస్తుంది. పదిహేనుసార్లు ఊపినా బోర్డు కదల్లేదంటే గాలి చాలట్లేదనో, కోణం తప్పనో అర్థం. ఊరికే అలసిపోవడం దండగ.

6. వేగం అందాకే వెనక కాలు: బోర్డు ప్లేన్ అవుతోందని ఎలా తెలుస్తుంది? చప్పుడు మారుతుంది. గలగలమని నీళ్లు తోసుకునే చప్పుడు పోయి, కింద పలక మీద కొట్టినట్టు గట్టి టకటకలు మొదలవుతాయి. నీటి తుంపర కాళ్ల వెనక నుంచి లేస్తుంది. అప్పుడు వెనక కాలిని స్ట్రాప్‌లో పెట్టి, సెయిల్‌ను ఇంకాస్త దగ్గరికి లాగి, నెమ్మదిగా 90 డిగ్రీల కోణానికి తిరిగి రావాలి.

ఈ తప్పులు చేస్తున్నారా?

కాళ్ల వైపు చూడటం: స్ట్రాప్ ఎక్కడుందో అని తల దించగానే నడుము వంగుతుంది. బూమ్ మీద బరువు పోతుంది. బోర్డు ఆగిపోతుంది. చూపు ఎప్పుడూ వెళ్లే వైపే ఉండాలి. కాలు దానంతటదే వెతుక్కోవాలి. ఒడ్డున ఇసుకలో బోర్డు పెట్టి పదిసార్లు ప్రాక్టీస్ చేస్తే అలవాటైపోతుంది. అయితే ఫిన్ విరగకుండా ముందు దాన్ని తీసేయాలి.

తొందరపడి వెనక కాలు పెట్టడం: వేగం రాకముందే వెనక కాలు స్ట్రాప్‌లో పెడితే బరువంతా తోక మీద పడుతుంది. తోక మునిగి, ముక్కు లేచి, బోర్డు గాలి వైపు తిరిగి ఆగిపోతుంది. 'ఎన్నిసార్లు ప్రయత్నించినా ప్లేన్ అవ్వట్లేదు' అనేవాళ్లలో ఎక్కువ మంది సమస్య ఇదే.

గస్ట్ రాగానే సెయిల్ వదిలేయడం: భయంతో వెనక చేయి వదిలేస్తే గాలి మొత్తం జారిపోతుంది. వచ్చిన అవకాశం పోతుంది. గస్ట్ వచ్చినప్పుడు చేయాల్సింది ఇంకా కిందికి వేలాడటం. చేతులు చాచే ఉండాలి. మోచేతులు మడిచి సెయిల్‌ను గుండెలకు హత్తుకుంటే పది నిమిషాల్లో ముంజేతులు పట్టేస్తాయి.

డాగర్‌బోర్డు తీయడం మర్చిపోవడం: కొత్తవాళ్ల పెద్ద బోర్డుల మధ్యలో కిందికి దిగే ఒక పలక ఉంటుంది. తక్కువ వేగంలో అది పక్కకు జారకుండా కాపాడుతుంది. ప్లేనింగ్ వేగంలో మాత్రం అదే బోర్డును ఒక అంచు మీదకు ఎత్తి పడేస్తుంది. వేగం అందుకునే ముందు దాన్ని పైకి మడవాలి.

బైక్ మీద వెళ్తే తగిలే గాలి.. ఇక్కడా అంతే!

గాలి లేని రోజు కూడా బైక్ మీద వెళ్తుంటే ముఖానికి గాలి తగులుతుంది. పక్క నుంచి గాలి వీస్తుంటే, బైక్ వేగం పెరిగే కొద్దీ అది ముందు నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. విండ్‌సర్ఫింగ్‌లోనూ సెయిల్‌కు తగిలేది ఈ కలగలిసిన గాలే. దీన్ని అపరెంట్ విండ్ అంటారు.

బోర్డు ప్లేన్ అవ్వగానే గాలి ముందు నుంచి వస్తున్నట్టు మారుతుంది. అందుకే వేగం పెరిగే కొద్దీ సెయిల్‌ను ఇంకా దగ్గరికి లాక్కోవాలి. చాలామంది సెయిల్‌ను మొదట పట్టుకున్నట్టే ఉంచేస్తారు. దాంతో సెయిల్ రెపరెపలాడి బలం పోతుంది. 'గాలి తగ్గింది' అనుకుంటారు. నిజానికి గాలి తగ్గలేదు, దిక్కు మారింది.

గాలికి ఎదురు వెళ్లడం ఎలా సాధ్యం?

గాలితో నడిచే బోర్డు గాలి వచ్చే వైపుకే ఎలా వెళ్తుంది? దీనికి సమాధానం వంటింట్లో ఉంది. నానిన చింతగింజను రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి చూడండి. వేళ్లు నొక్కేది పక్క నుంచి. కానీ గింజ మాత్రం ముందుకు జారి ఎగిరిపోతుంది. ఇక్కడ ఒక వేలు గాలి.. అది సెయిల్‌ను పక్కకు తోస్తుంది. రెండో వేలు నీరు.. బోర్డు కింద రెక్కలా ఉండే ఫిన్ పక్కకు జారకుండా అది అడ్డుకుంటుంది. రెండింటి మధ్య నలిగి బోర్డు ముందుకు దూసుకెళ్తుంది.

అలాగని నేరుగా గాలిలోకి వెళ్లలేం. గాలి వచ్చే దిక్కుకు అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు దాదాపు నిషిద్ధ ప్రాంతం. అందులోకి వెళ్తే సెయిల్ జెండాలా కొట్టుకుంటుంది తప్ప బోర్డు కదలదు. కాబట్టి వంకరటింకరగా వెళ్లాలి. తిరుమల ఘాట్ రోడ్డు కొండను నేరుగా ఎక్కుతుందా? మలుపులు తిరుగుతూ పైకి చేరుస్తుంది. ఇదీ అంతే. కుడికి కొంత, ఎడమకు కొంత.. ప్రతి మలుపులో కాస్త పైకి.

ముందు వేగం.. తర్వాతే ఎత్తు

అప్‌విండ్‌లో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆత్రం. ఒడ్డు అటు ఉంది కదా అని ముక్కును వీలైనంత గాలిలోకి పెడతారు. ముక్కు చూసే దిక్కు సరిగ్గానే ఉంటుంది. కానీ వేగం లేక బోర్డు పక్కకు జారిపోతుంటుంది. ఫిన్ కూడా విమానం రెక్క లాంటిదే. దాని పక్క నుంచి నీరు వేగంగా పారితేనే పట్టు దొరుకుతుంది. వేగం లేకపోతే ఫిన్ ఉన్నా లేనట్టే.

చిన్న లెక్క చూద్దాం. గాలికి 45 డిగ్రీల్లో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే.. గాలి వైపు మనం నిజంగా ఎక్కేది గంటకు దాదాపు 10.6 కిలోమీటర్లు. అదే 60 డిగ్రీల్లో, ప్లేనింగ్‌లో 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎక్కేది 15 కిలోమీటర్లు. చూడ్డానికి రెండోది పక్కకు వెళ్తున్నట్టే ఉంటుంది. ఇంటికి మాత్రం ముందు చేరేది అదే. పోనీ వేగమే ముఖ్యం కదా అని 75 డిగ్రీల్లో 32 కిలోమీటర్లతో వెళ్తే దక్కేది 8.3 కిలోమీటర్లే. అంటే మరీ ఆత్రం పనికిరాదు, మరీ వేగం మోజూ పనికిరాదు. మధ్యలో ఒక కోణం ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే నేర్పు.

ప్లేనింగ్‌లో ఉండగా గాలి వైపు ఎక్కాలంటే..

ముందుగా 90 డిగ్రీల్లో పూర్తి వేగం అందుకోవాలి. రెండు కాళ్లూ స్ట్రాపుల్లో, బరువు హార్నెస్‌లో ఉండాలి. అప్పుడు తలను ముందు భుజం మీదుగా, వెళ్లాలనుకునే వైపు తిప్పాలి. తల తిరిగితే భుజాలు, నడుము వాటంతటవే తిరుగుతాయి. సెయిల్‌ను కాస్త వెనక్కి వాల్చి, దాని కింది అంచుకూ బోర్డుకూ మధ్య సందు లేకుండా చేయాలి. బోర్డు నెమ్మదిగా గాలి వైపు తిరుగుతుంది.

ఇప్పుడు వెనక కాలి పని మొదలు. ఫిన్‌ను పక్కకు, అంటే గాలి వెళ్లిపోయే వైపుకు తోస్తున్నట్టు వెనక కాలితో నెట్టాలి. కిందికి తొక్కడం కాదు, పక్కకు నెట్టడం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. తొక్కితే తోక మునుగుతుంది. నెడితే ఫిన్ పట్టు బిగుస్తుంది. ముందు కాలి వేళ్లతో స్ట్రాప్‌ను కొంచెం పైకి లాగితే, గాలి వెళ్లిపోయే వైపు అంచు నీటికి దగ్గరై బోర్డు ఇంకా బాగా ఎక్కుతుంది.

గస్ట్ వచ్చినప్పుడు ఇంకాస్త గాలి వైపు తిరగాలి. గాలి తగ్గినప్పుడు వెంటనే కొంచెం కిందికి తిరిగి వేగం కాపాడుకోవాలి. వచ్చినప్పుడు దాచుకోవాలి, లేనప్పుడు ఆచితూచి ఖర్చు పెట్టాలి. నెలజీతం లెక్కే ఇక్కడా!

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి తోక హఠాత్తుగా పక్కకు జారిపోతుంది. దీన్ని స్పిన్ అవుట్ అంటారు. వేగం రాకముందే వెనక కాలితో గట్టిగా నెట్టడమే ఎక్కువగా దీనికి కారణం. కంగారుపడి ఇంకా తొక్కితే పడిపోతారు. వెనక కాలి ఒత్తిడి తీసేసి, ఆ కాలితో తోకను తమ కిందికి లాక్కుని, కొంచెం కిందికి తిరిగితే ఫిన్ మళ్లీ పట్టుకుంటుంది.

గాలి పడిపోతే ఏం చేయాలి?

అసలు పరీక్ష ఇదే. ప్లేనింగ్‌లో రివ్వున దూరం వెళ్లాక గాలి తగ్గిపోతుంది. అప్పుడు తిరిగి రావాలి. ఇక్కడ వేరే టెక్నిక్ కావాలి. డాగర్‌బోర్డు ఉంటే వెంటనే కిందికి దించాలి. బరువును ముందుకు తేవాలి. ముందు కాలు మాస్ట్ పక్కన, వెనక కాలు బోర్డు మధ్యలో ఉండాలి. సెయిల్‌ను దగ్గరికి లాగి, గాలి వెళ్లిపోయే వైపు అంచును కొంచెం నీటిలో ముంచాలి. అలా మునిగిన అంచు కూడా ఫిన్‌కు తోడుగా పనిచేసి పక్కకు జారకుండా ఆపుతుంది. నెమ్మదిగానే అయినా బోర్డు పైకి ఎక్కుతుంది. ఎంత మంచి గాలి ఉన్న రోజైనా చివరి పది నిమిషాలు ఇది ప్రాక్టీస్ చేయడం మంచిది.

దిశ మార్చేటప్పుడు టాక్, అంటే ముక్కు గాలిలోంచి తిరిగేలా మళ్లడం నేర్చుకోవాలి. జైబ్, అంటే తోక వైపు నుంచి తిరిగితే స్టైల్‌గా ఉంటుంది కానీ, కష్టపడి ఎక్కిన ఎత్తులో కొంత పోతుంది. చిన్న చిన్న మలుపులు ఎక్కువ తీసుకోవడం కన్నా, పొడవాటి మలుపులు తక్కువ తీసుకోవడమే లాభం. తిరిగిన ప్రతిసారీ కొంత నష్టం తప్పదు కదా.

బోర్డు, సెయిల్ సెట్టింగ్‌లో చిన్న మార్పులు.. పెద్ద తేడా

టెక్నిక్ ఎంత బాగున్నా సామాను సెట్టింగ్ తప్పితే ఫలితం ఉండదు. నీళ్లలోకి దిగే ముందు ఒక్క ఐదు నిమిషాలు వీటిని చూసుకోవాలి..

బోర్డు సైజు: ఈ దశలో లీటర్లలో చూస్తే శరీర బరువుకు 40 నుంచి 60 కలిపిన సంఖ్య ఉన్న బోర్డు అనుకూలం. 75 కిలోల మనిషికి 115 నుంచి 135 లీటర్లు అన్నమాట. స్టైల్‌గా ఉందని చిన్న బోర్డు తీసుకుంటే గాలి తగ్గగానే మునుగుతుంది.

బూమ్ ఎత్తు: బోర్డు మీద నిలబడితే భుజానికీ గడ్డానికీ మధ్య ఉండాలి. మరీ కిందికి ఉంటే వేలాడటం కుదరదు, బరువు తోక మీదే ఉండిపోతుంది.

హార్నెస్ తాళ్లు: కొక్కెం తగిలించి చేతులు తేలిక చేస్తే సెయిల్ దాదాపు నిలకడగా ఉండాలి. ముందు చేయి లాగేస్తుంటే తాళ్లను కొంచెం ముందుకు, వెనక చేయి లాగేస్తుంటే కొంచెం వెనక్కి జరపాలి. ఒకేసారి ఎక్కువ కాదు, ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున.

సెయిల్ బిగింపు: సెయిల్‌ను కిందికి లాగే తాడు సరిగ్గా బిగించకపోతే గస్ట్ రాగానే సెయిల్ అదుపు తప్పుతుంది. వెనక్కి లాగే తాడు కాస్త వదులుగా ఉంటే సెయిల్ బొజ్జలా ఉబ్బి ప్లేనింగ్‌కు బలం ఇస్తుంది. కాస్త బిగిస్తే చదునై అప్‌విండ్‌లో నిలకడ ఇస్తుంది.

ఫిన్: పొడవాటి ఫిన్ తక్కువ గాలిలో ప్లేనింగ్‌కూ, అప్‌విండ్‌కూ సాయపడుతుంది. గాలి బాగా పెరిగితే అదే బోర్డును ఎత్తిపడేస్తుంది. అందుకే గాలిని బట్టి మార్చుకోవాలి.

నిజంగా పైకి ఎక్కుతున్నామా? ఇలా తెలుసుకోండి

నీటి మీద ఉన్నప్పుడు కళ్లు మోసం చేస్తాయి. వేగంగా వెళ్తున్నాం కాబట్టి ఎక్కుతున్నాం అనిపిస్తుంది. దీనికి సింపుల్ పరీక్ష ఉంది. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టునో, లైట్ స్తంభాన్నో గుర్తు పెట్టుకుని దాని ఎదుట నుంచి బయల్దేరాలి. ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి.. రెండు మలుపులు పూర్తయ్యాక ఎక్కడ తేలారో చూడాలి. గుర్తుకు పైన తేలితే పాస్. అక్కడికే వస్తే ఫర్వాలేదు. కింద తేలితే.. ఇంకా దూరం వెళ్లే అర్హత రానట్టే.

ఈ పరీక్ష మూడుసార్లు పాసయ్యే వరకు ఒడ్డుకు దగ్గర్లోనే తిరగాలి. బయల్దేరగానే ముందు గాలి పైవైపుకు ఎక్కి, ఆ తర్వాత ఆటలాడుకుంటూ కిందికి రావాలి. ముందు కిందికి వెళ్లిపోయి, అలసిపోయాక పైకి ఎక్కాలంటే చేతుల్లో సత్తువ మిగలదు.

మన తీరంలో ఈ జాగ్రత్త తప్పనిసరి

ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి చాలా ప్రమాదకరం. ఒడ్డున నిలబడితే గాలి అంతగా లేనట్టు, నీళ్లు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తాయి. లోపలికి వెళ్లే కొద్దీ గాలి పెరుగుతుంది. తిరిగి రావాలంటే మొత్తం ఎదురుగాలే. అప్‌విండ్ రాని వాళ్లకు అది వన్‌వే టికెట్ లాంటిది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఎక్కువగా నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. తూర్పు తీరంలో పడమటి గాలి అంటే నేల మీద నుంచి సముద్రంలోకి తోసే గాలే. విశాఖ అయినా, కాకినాడ అయినా దిగే ముందు ఈ లెక్క చూసుకోవాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో సముద్రం నుంచి వీచే గాలి నేర్చుకునేవాళ్లకు కొంత నయం. ఏం జరిగినా అది ఒడ్డుకే తోస్తుంది. అయితే అలలు, ప్రవాహాల సంగతి స్థానిక మత్స్యకారులను, లైఫ్‌గార్డులను అడిగాకే దిగాలి.

హుస్సేన్‌సాగర్ లాంటి చెరువుల్లో ఇంకో రకం చిక్కు. చుట్టూ ఉన్న భవనాలను తాకి గాలి తెరలు తెరలుగా, దిక్కు మారుతూ వస్తుంది. బే ఏరియాలో అయితే గోల్డెన్ గేట్ దగ్గర పోటు వెనక్కి తగ్గేటప్పుడు ప్రవాహం బలంగా సముద్రంలోకి లాగుతుంది. గాలి లెక్కతో పాటు అక్కడ పోటు, పాటు వేళలు కూడా చూడాలి.

లైఫ్ జాకెట్, విజిల్ తప్పనిసరి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పాలి. ఏదైనా విరిగినా, గాలి పడిపోయినా బోర్డును మాత్రం వదలకూడదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా 'ఒడ్డు దగ్గరే కదా' అని బోర్డు వదిలి ఈదకూడదు. తేలే బోర్డును మించిన లైఫ్‌బోటు లేదు. దూరం నుంచి చూసేవాళ్లకు బోర్డు కనిపించినంత సులువుగా మనిషి తల కనిపించదు. సెయిల్‌ను బోర్డు వెనక భాగం మీదకు లాక్కుని, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ రావాలి. సాయం కావాలంటే బోర్డు మీద కూర్చుని, రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపాలి. సముద్రంలో ఇది అందరికీ తెలిసిన ఆపద సంకేతం.

ఒక్కమాటలో..

ప్లేనింగ్‌కు కావాల్సింది కండబలం కాదు, గస్ట్ కోసం ఓపిగ్గా కాచుకుని ఆ క్షణంలో బరువును సరైన చోట పెట్టడం. అప్‌విండ్‌కు కావాల్సింది ఆత్రం కాదు, ముందు వేగం, ఆ తర్వాత ఎత్తు అనే క్రమం. ఈ రెండూ ఒక్క రోజులో రావు. మొదట్లో పదిసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి కుదురుతుంది. అయితే బోర్డు మొదటిసారి నీటి పైకి లేచి పరుగు తీసిన ఆ కొన్ని సెకన్లు మాత్రం ఎవరూ మర్చిపోరు. ఆ తర్వాత బయల్దేరిన కొబ్బరిచెట్టు దగ్గరికే తిరిగి వచ్చి ఒడ్డెక్కిన రోజే.. ఈ ఆట నిజంగా వచ్చినట్టు లెక్క.